నీటి రంగుల్లో బట్ట మడతలు, ఖరీదైన వస్త్రాలు: అమరిక నుంచి చివరి మెరుపు దాకా

నీటి రంగులు వేసేవాళ్లు పదేపదే అడిగేవి రెండు ప్రశ్నలు. మడతలు వేస్తే బట్ట మీద చారలు గీసినట్టు ఎందుకు వస్తోంది? పట్టు వేద్దామని కూర్చుంటే చివరికి ప్లాస్టిక్ కాగితంలా ఎందుకు తేలుతోంది?

రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. రంగు కలపడం మీద పెట్టినంత శ్రద్ధ పూత అంచుల మీద పెట్టకపోవడమే కారణం. వెలుగు నీడగా మారే చోట ఆ మార్పు ఎంత త్వరగా జరిగిందన్న దాన్ని బట్టే చూసేవాళ్ల కన్ను ఇది పట్టు, ఇది నూలు అని పోల్చుకుంటుంది. అదే ఎరుపు, అదే కుంచె: మార్పు టక్కున జరిగితే శాటిన్, నెమ్మదిగా కరిగితే ఉన్ని. కింద చెప్పిన పద్ధతులన్నీ ఆ మార్పును చేతిలో పెట్టుకోవడానికే.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

కాగితం విషయంలో రాజీ పడకండి. 100 శాతం కాటన్, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) తీసుకోండి. బట్ట బొమ్మకు ఒకే చోట నాలుగైదు పూతలు పడతాయి. సెల్యులోజ్ (కలప గుజ్జు) కాగితం మూడో పూతకే కింది రంగును వదిలేస్తుంది. పైగా అంచు మెత్తబరిచేలోపే ఆరిపోతుంది.

కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకు) కాగితం చాలా బట్టలకు సరిపోతుంది, తప్పుల్ని కూడా కాస్త కాస్తుంది. శాటిన్, పట్టు మీద పదునైన మెరుపులు కావాలంటే హాట్ ప్రెస్ (నున్నటి కాగితం) మేలు. దాని మీద పూత అంచు కత్తిరించినట్టు వస్తుంది, తీసేయాలనుకున్న రంగు కూడా సులువుగా లేస్తుంది. కాకపోతే దాని మీద నీళ్లు ఎక్కువైతే మరకలు తప్పవు. రఫ్ (బాగా గరుకు) కాగితం ఉన్ని, ముతక నేతలకు తప్ప వద్దు.

ఏ4 సైజు వరకు కాగితాన్ని నాలుగు పక్కలా టేపుతో బోర్డుకు అంటిస్తే చాలు. అంతకన్నా పెద్దదైతే 5 నుంచి 10 నిమిషాలు నీళ్లలో నానబెట్టి, గమ్ టేపుతో (తడిపితే అంటుకునే కాగితపు టేపు) బోర్డుకు బిగించి, బల్ల మీద అడ్డంగా పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. ఉబ్బిన కాగితం గుంటల్లో రంగు నిలిచిపోయి, మీరు వేయని మడతలు అదే వేస్తుంది.

కుంచెలు (రౌండ్ అంటే గుండ్రని మొన, ఫ్లాట్ అంటే చదును మొన, అంకె సైజు):
- రౌండ్ 10 లేదా 12: మొదటి పూతకు
- రౌండ్ 6: నీడలకు
- రౌండ్ 2: నగిషీలకు, చివరి గాఢమైన గీతలకు
- అర అంగుళం ఫ్లాట్: వేసిన రంగును కాగితం మీంచి లేపి తీయడానికి
- మరో రౌండ్ 8: శుభ్రమైన నీళ్లకే కేటాయించాలి, రంగు తగలనివ్వకూడదు

ఆఖరిది అదనపు ఖర్చని చాలామంది వదిలేస్తారు. ఒకే కుంచెతో రంగు వేసి, కడిగి, పిండి, మళ్లీ అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ అంచు ఆరిపోయి ఉంటుంది. కుడిచేతిలో రంగు కుంచె, ఎడమచేతిలో నీళ్ల కుంచె పట్టుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

రంగులు ఎనిమిది చాలు: క్వినాక్రిడోన్ రోజ్ (పీవీ19), పెరిలీన్ మెరూన్ (పీఆర్179), అల్ట్రామెరీన్ (నీలం, పీబీ29), థాలో బ్లూ (పీబీ15), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు, పీవై43), ఒక నిమ్మ పసుపు, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ). పీవీ19 లాంటివి రంగు పదార్థపు కోడ్‌లు; కోడ్ ట్యూబు వెనక ఉంటుంది, చూసి కొనండి. ఎర్ర బట్టల నీడలకు అలిజరిన్ క్రిమ్సన్ బాగుంటుందని చెప్పేవాళ్లున్నారు. పాత పీఆర్83 రకమైతే వెలుతురుకు వెలిసిపోతుంది, వద్దు.

రెండు నీళ్ల జాడీలు, టిష్యూ, పాత నూలు గుడ్డ, మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాగితాన్ని కప్పే ద్రవం), కొద్దిగా తెల్ల గ్వాష్ (కింది రంగును కప్పేసే చిక్కని నీటి రంగు), కొత్త బ్లేడు కూడా పక్కన ఉంచుకోండి.

2. బట్టను అమర్చడం, వెలుతురు కుదర్చడం

సగం బొమ్మ ఇక్కడే గెలుస్తుంది లేదా పాడవుతుంది. అభ్యాసానికి నగిషీ లేని, మరీ ముదురూ మరీ లేతా కాని రంగు బట్ట తీసుకోండి. ఒక మీటరు చదరం చాలు. ఇస్త్రీ మడతల గీతలు ఉంటే ముందు పోగొట్టండి. అవి అసలు మడతలకు అడ్డంగా నడుస్తూ కన్నును తికమక పెడతాయి.

బట్టను రెండు చోట్ల మాత్రమే పిన్నుతో బోర్డుకు గుచ్చి వదిలేయండి. రెండు పిన్నుల మధ్య ఒక జోలె, పక్కల్లో కిందికి జారే గొట్టం మడతలు వాటంతటవే ఏర్పడతాయి. చేత్తో సర్దకండి, సర్దిన మడత అబద్ధంగానే కనిపిస్తుంది. రెండు మూడు రోజులు అలాగే ఉంచాలంటే బట్టకు ముందు కొంచెం గంజి పెట్టండి.

దీపం ఒక్కటే ఉండాలి, పక్క నుంచి, 45 డిగ్రీల ఎత్తులో, సుమారు ఒక మీటరు దూరంలో. గదిలో మిగతా లైట్లు ఆపేయండి. రెండు వైపుల నుంచి వెలుతురు పడితే ప్రతి మడతకూ రెండు నీడలు వస్తాయి, ఏది దేనిదో తేలదు.

ఫొటో చూసి వేసేవాళ్లు రెండు ఫొటోలు తీసుకోండి: మెరుపుల్లో వివరం కనిపించేలా ఒకటి, నీడల్లో వివరం కనిపించేలా ఒకటి. ఫోన్ కెమెరా ఒకే ఫొటోలో ఏదో ఒక కొసను మింగేస్తుంది. ఫ్లాష్ వాడితే మడతలన్నీ చదునైపోతాయి.

3. మడత ఎక్కడ పుట్టి ఎటు పోతోంది

ప్రతి మడతకూ పుట్టిన చోటు ఒకటి ఉంటుంది. బట్టను పట్టి ఉంచినది ఏదో అదే ఆ చోటు: పిన్ను, భుజం, మోకాలు, నడుము కట్టు. ముందు ఆ చోట్లను గుర్తించి చుక్కలు పెట్టుకోండి. ఏ చుక్కకూ చెందని మడత మీ కాగితం మీద ఉంటే అది ఊహించుకుని గీసినదే, తీసేయండి.

చిత్రకళ బోధనలో మడతల్ని ఏడు రకాలుగా చెప్పడం వాడుక: గొట్టం, జోలె, వంకర టింకర, చుట్టు, సగం ముడుచుకున్నది, జారుడు, నేల మీద కుప్పపడినది. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు. గొట్టం మడత, జోలె మడత బాగా పట్టుబడితే మిగతావి వాటి కలయికలుగానే కనిపిస్తాయి. మోచేయి లోపలి వంకర టింకర ముడతలు మాత్రం విడిగా సాధన చేయాలి.

ఒక చిట్కా. బట్ట కింది అంచును చూడండి. అది లోపలికీ బయటికీ ఎలా ఒంపులు తిరుగుతోందో, పైనున్న మడతల ఆకారం కూడా అంతే. మడత ఉబ్బెత్తుగా ఉందో, చదునుగా ఒరిగిపోయిందో తెలియకపోతే ఆ ఒంపు నుంచి పైకి చూపు పోనివ్వండి. కింది అంచును ముందు గీసి పైకి వెళ్లేవాళ్ల మడతలు అరుదుగా తప్పుతాయి.

4. అరచేతిలో పట్టే నమూనా

8 × 10 సెంటీమీటర్ల గడి గీసి, అందులో బట్టను ఐదు టోన్లుగా (వెలుగునీడల మెట్లుగా) మాత్రమే విడదీయండి. 1 అంటే కాగితపు తెలుపు, 5 అంటే అతి గాఢమైన గుంట. కళ్లు సగం మూసి చూస్తే చిన్న చిన్న తేడాలు కలిసిపోయి పెద్ద ముక్కలు తేలతాయి. పది నిమిషాలకు మించి కూర్చోవద్దు.

ఈ నమూనాలో 1, 5 ఎక్కడెక్కడ వచ్చాయో చుట్టూ గుండ్రం గీయండి. అవి పక్కపక్కనే ఉంటే మెరిసే బట్ట. మధ్యలో 2, 3, 4 వరసగా ఉంటే మెరుపు లేని బట్ట. అసలు 1 లేకపోతే మఖమలో, ఉన్నో అయ్యుంటుంది.

నీటి రంగు ఆరాక లేతబడుతుంది. కాబట్టి తడిగా ఉన్నప్పుడు కావలసిన దానికన్నా ఒక మెట్టు ముదురుగా వేయాలి. ఎంత తేలిందో నమ్మకం కుదరకపోతే అదే కాగితం ముక్క మీద వేసి, ఆరబెట్టి చూసుకోండి.

5. పెన్సిల్ గీత

హెచ్‌బీ పెన్సిల్, చేతి బరువు పడకుండా. కనిపించిన మడతలన్నీ గీయకండి. మూడింట ఒక వంతు వదిలేయవచ్చు, ముఖ్యంగా ఒకే దిక్కున ఒకే వెడల్పుతో నడిచేవి. మెరుపుల హద్దుల్ని చుక్కలతో గుర్తించండి. నీడల హద్దుల్ని గీతతో మూసేస్తే తర్వాత ఆ గీత దాకా రంగు నింపేయాలనిపిస్తుంది, అన్ని అంచులూ గట్టిపడతాయి. చారల బొమ్మలు సాధారణంగా ఈ దశలోనే మొదలవుతాయి.

6. కాగితం తడి, కుంచె తడి

తడిసిన కాగితం నాలుగు దశల్లో ఆరుతుంది. పక్కకు వంగి వెలుతురుకు ఎదురుగా చూస్తే తెలుస్తుంది.

- నీళ్లు నిలిచి మెరుస్తోంది: రంగు ఎటైనా పోతుంది. మడతలకు పనికిరాదు.
- పలచని మెరుపు, నీళ్లు నిలిచిలేవు: రంగు మెత్తగా, కొద్ది దూరమే పాకుతుంది. మఖమల్ కు, మెత్తని నీడలకు ఇదే అదను.
- మెరుపు పోయింది, తాకితే చల్లగా ఉంది: ఇక్కడ చేయి పెట్టకండి. పువ్వులాంటి మరకలు పుట్టేది ఇప్పుడే.
- పూర్తిగా ఆరింది, వేళ్ల వెనక భాగంతో తాకితే చల్లదనం లేదు: తర్వాతి పూత వేయవచ్చు.

సూత్రం ఒక్కటే: తడి కాగితం మీద పెట్టే కుంచెలో కాగితం కన్నా తక్కువ నీళ్లుండాలి. కుంచెను ముంచిన ప్రతిసారీ దాని పొట్టను గుడ్డకు ఒకసారి తాకించండి.

రంగు చిక్కదనానికి పాలెట్‌ను వంచి చూడండి. వంచగానే పరుగెత్తితే పలచన, మొదటి పూతకు. నిదానంగా జారితే మధ్యస్థం, నీడలకు. వంచినా కదలకపోతే చిక్కన, ఆఖరి గుంటలకు. పూత పూతకూ నీళ్లు తగ్గుతూ, రంగు పెరుగుతూ పోవాలి. ఇది తలకిందులైతే పై పూత కింది పూతను కడిగేస్తుంది.

7. పూతల క్రమం: ఒకే మడత, దగ్గరి నుంచి

నీలం నూలు బట్ట, నిలువు గొట్టం మడత ఒకటి, 12 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు, వెలుతురు ఎడమ నుంచి. దీన్ని నాలుగైదు సార్లు వేస్తే బట్ట చాలావరకు చేతికొస్తుంది.

మొదటి పూత: మడత అంతటా పలచని నీలం. ఎడమ నుంచి మూడో వంతు దగ్గర 4 మిల్లీమీటర్ల పట్టీని పొడిగా వదిలి, దాని రెండు పక్కల్నీ వెంటనే నీళ్ల కుంచెతో మెత్తబరచండి. పూర్తిగా ఆరనివ్వండి.

రెండో పూత, అసలు నీడ: మడత కుడి అంచుకు చేర్చి వేయకూడదు. అంచు నుంచి 5 మిల్లీమీటర్లు వదిలి, 6 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీగా మధ్యస్థ చిక్కదనంతో పై నుంచి కిందికి లాగండి. ఆ వదిలిన 5 మిల్లీమీటర్లే పక్క మడత నుంచి తిరిగి పడిన వెలుగు. అది లేకపోతే మడత గుండ్రంగా రాదు.

పట్టీ వేసిన ఐదు పది సెకన్లలో నీళ్ల కుంచెను ఆ పట్టీకి ఎడమ పక్కన, పొడి కాగితం మీద నడపండి. కుంచె రంగు మీదికి ఎక్కకూడదు, దాని అంచును ఒక మిల్లీమీటరు మేర తాకితే చాలు. రంగు తనంతట తాను తడిలోకి జారుతుంది. రంగు మీద రుద్దితే అంచు మెత్తబడదు సరికదా, అక్కడ రంగు పోయి బోడి మచ్చ తేలుతుంది. కుడి వైపు ఒకటి రెండు చోట్ల మాత్రమే ఇలా చేసి, మిగతా అంచు అలాగే ఉండనివ్వండి. ఆరనివ్వండి.

మూడో పూత, పడిన నీడ: మడతకు కుడివైపు లోయలో. మడతను ఆనుకున్న అంచు గట్టిగా, మడత నుంచి దూరమయ్యే అంచు మెత్తగా. మడతకు దగ్గర గట్టి అంచు ఒకటుండటం వల్లే అది బోర్డు నుంచి పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఆరనివ్వండి.

నాలుగో పూత: పిన్ను దగ్గర బట్ట నొక్కుకుపోయిన గుంటల్లో చిక్కని రంగు, రౌండ్ 2 కుంచెతో, మూడు నాలుగు చోట్ల. పొడవాటి గీతలు వద్దు. గీత పైన మందంగా మొదలై కిందికి సన్నబడుతూ మాయమవ్వాలి.

బట్ట అంతటికీ ఇదే వరస. ఒక మడత పూర్తిచేసి ఇంకోదానికి వెళ్లకండి. మొదటి పూత మొత్తం బట్టకు, తర్వాత రెండోది మొత్తానికి. హెయిర్ డ్రయర్ వాడితే 30 సెంటీమీటర్ల దూరం నుంచి, అదీ నిలిచిన నీళ్లు పోయాకే. తడి రంగు మీద గాలి కొడితే అది ఎటో పాకి ఆరిపోతుంది.

8. ఏ బట్టకు ఎలా

*శాటిన్, పట్టు.* పైన చెప్పిన నూలు మడతలో నీడ ఎడమ అంచును మెత్తబరిచాం. శాటిన్ లో ఆ అంచును చాలాచోట్ల మెత్తబరచకూడదు. మెరుపు పక్కనే ముదురు టోన్, మధ్యలో ఏమీ ఉండదు. మెరుపుల్ని కాగితపు తెలుపుగా వదిలి, చుట్టూ తడబడకుండా ఒకే ఊపులో రంగు వేయండి. పెద్ద మెరుపు పక్కన ఒకటి రెండు సన్నని మెరుపు తీగలు కూడా ఉంటాయి, అవి మడత వంపును అనుసరించి వంగుతాయి. తిన్నగా గీస్తే రేకు ముక్కలా తయారవుతుంది.

పట్టు మెరుపులో బట్ట రంగు తక్కువ, వెలుతురు రంగు ఎక్కువ. కిటికీ వెలుతురైతే మెరుపు మీద అతి పలచని నీలం, దీపమైతే లేత వెచ్చని ఛాయ. ఎర్ర పట్టు మెరుపును గులాబీ రంగుతో నింపితే మెరుపు చచ్చిపోతుంది.

పడుగు ఒక రంగు, పేక ఒక రంగుగా నేసిన పట్టు అయితే మడత తిరిగిన చోటల్లా రంగే మారుతుంది. రెండు రంగుల్ని పాలెట్ మీద కలపకండి. కాగితం రెండో దశ తడిలో ఉండగా మడతకు ఒక పక్క ఒకటి, రెండో పక్క ఒకటి పెట్టి, కలిసే చోట వాటినే కలవనివ్వండి.

*మఖమల్.* ఎక్కువమంది తడబడేది ఇక్కడే, ఎందుకంటే దీని వెలుగునీడలు తలకిందులు. మఖమల్ నూగును నిటారుగా చూస్తే వెలుతురు లోపలికి ఇంకి నల్లగా కనిపిస్తుంది. మడత పక్కకు తిరిగే చోట నూగు కొసలు వెలుతురును పట్టుకుని మెరుస్తాయి. అంటే మడత నడిమి భాగం ముదురు, రెండు అంచులూ లేత. శాటిన్ కు అలవాటుపడ్డ చేయి మెరుపును నడిమిలో పెడుతుంది, బొమ్మ శాటిన్ గానే మిగిలిపోతుంది.

పద్ధతి: బట్ట రంగులోనే కాస్త బూడిద కలిపిన పలచని పూత అంతటా వేయండి, ఎక్కడా తెల్ల కాగితం వదలొద్దు. ఆరాక మళ్లీ శుభ్రమైన నీళ్లతో తడిపి, నీళ్లు ఇంకి పలచని మెరుపు మిగిలినప్పుడు మడత నడుమ చిక్కని రంగు పెట్టి పాకనివ్వండి. అంచుల దగ్గర 2 నుంచి 4 మిల్లీమీటర్లు లేతగా మిగలాలి. పూర్తిగా ఆరాక ఇంకోసారి, అవసరమైతే మూడోసారి. ఒక్క పూతలో ఆ గాఢత రాదు. చేయి తగిలి నూగు ఒరిగిన మచ్చల్ని, తడిపి పిండిన ఫ్లాట్ కుంచెతో అక్కడక్కడా రంగు లేపి చూపించండి. అల్ట్రామెరీన్ కాగితం గుంటల్లో రేణువులుగా దిగుతుంది కాబట్టి మఖమల్ కు అచ్చొస్తుంది. అదే గుణం శాటిన్ నునుపును చెడగొడుతుంది, అక్కడ థాలో బ్లూ వాడండి.

*పారదర్శకమైన బట్టలు.* వెనకున్నదాన్ని, అది చర్మమైనా, గోడైనా, ముందు పూర్తిగా వేసి ఆరబెట్టాలి. దాని మీద బట్ట రంగు అతి పలచగా, ఒకే లాగులో, రెండోసారి కుంచె తిప్పకుండా. బట్ట రెండు పొరలైన చోట రెండు పూతలు, మూడు పొరలైతే మూడు. ఇంతకన్నా లెక్క లేదు. కుట్టిన అంచు దగ్గర బట్ట మడిచి ఉంటుంది కాబట్టి సన్నని ముదురు గీత వస్తుంది. బట్ట కుచ్చుగా పోగుపడిన చోట వెనకున్నది కనబడకూడదు.

*జరీ, బ్రోకేడ్.* మెరిసే బంగారు పొడి రంగులు వద్దు. పక్క నుంచి చూస్తే అవి మసకబారతాయి, ఫొటోలో బూడిద రంగుగా పడతాయి. బంగారాన్ని మామూలు పసుపు, గోధుమ రంగులతోనే చూపాలి. క్రమం ఇది:

1. నగిషీ వచ్చే చోటంతా పలచని ఓకర్ పూత, ఆరబెట్టాలి.
2. నగిషీని మాస్కింగ్ ఫ్లూయిడ్ తో కప్పాలి. పాత కుంచెను ముందు సబ్బులో ముంచండి, లేకపోతే అది ఇక కుంచెగా పనికిరాదు. కాగితం ఎముకలా పొడిగా ఉండాలి.
3. చుట్టూ బట్ట అసలు రంగు, మడతల నీడలతో సహా పూర్తిచేయాలి.
4. ఆరాక, అదే రోజో మర్నాడో మాస్కింగ్ తీసేయాలి. డ్రయర్ వేడి తగిలినా, రోజుల తరబడి ఉంచినా అది కాగితాన్ని పట్టుకుని పొర లేపుతుంది.
5. నీడలో ఉన్న నగిషీ మీద బర్న్ట్ సియెన్నా, మరీ లోపల బర్న్ట్ అంబర్ లో కాస్త అల్ట్రామెరీన్.
6. చివర్లో తెల్ల గ్వాష్ లో నిమ్మ పసుపు కలిపి, వెలుతురు పడే శిఖరాల మీద చుక్కలు. ఒక అరచేయంత జాగాలో ఐదారు చుక్కలు మించకూడదు.

పట్టు మెరుపు తెలుపు వైపు పోతే, లోహపు మెరుపు మాత్రం తన పసుపును వదులుకోదు. అందుకే ఆ చుక్కల్లో పసుపు ఉండాలి.

నగిషీ మడతతో పాటు తిరగాలి. చదునుగా ఉన్న చోట 2 సెంటీమీటర్ల వెడల్పున్న పువ్వు, మడత పక్కకు తిరిగే చోట 5 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది, ఎత్తు మాత్రం తగ్గదు. మడత అంచు దగ్గర పువ్వు సగంలో తెగిపోవాలి. అవతలి మడతలో మిగతా సగం నుంచి మొదలుపెట్టకండి. మధ్య భాగం లోపల దాక్కుని ఉంటుంది కాబట్టి వేరే చోటి నుంచి మొదలవుతుంది. నీడలో వివరం తగ్గించండి, రెండు మూడు ముక్కలు చూపిస్తే మిగతాది కన్నే పూరించుకుంటుంది.

*తెలుపు, నలుపు.* తెల్ల బట్ట తెల్లగా కనబడటానికి దాని వెనక నేపథ్యం ముదురుగా ఉండాలి. కాగితపు తెలుపును ఒకటి రెండు చోట్లకే దాచి, మిగతా అంతా అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపిన లేత బూడిదలతో నింపండి. ఒకచోట నీలం మొగ్గు, ఇంకోచోట గోధుమ మొగ్గు. నల్ల బట్టకు అవే రెండు రంగులు చిక్కగా. వెలుతురు పడ్డ భాగాల్ని 3వ టోన్ దగ్గరే ఆపండి. మెరిసే నల్ల శాటిన్ ఒక్కటే మినహాయింపు, అందులో 1, 5 పక్కపక్కనే వస్తాయి.

9. నీడకు ఏ రంగు

నలుపు కలిపితే ఏ నీడైనా అవుతుందనుకోవద్దు. పసుపులో నలుపు కలిపితే పచ్చదనం తేలుతుంది.

- ఎర్ర బట్ట: నీడకు పెరిలీన్ మెరూన్, గుంటల్లో దానికి కాస్త అల్ట్రామెరీన్
- పసుపు బట్ట: ఓకర్, తర్వాత బర్న్ట్ సియెన్నా
- నీలం బట్ట: అదే నీలం చిక్కగా, చిటికెడు బర్న్ట్ సియెన్నాతో
- ఆకుపచ్చ బట్ట: అదే ఆకుపచ్చలో చాలా కొద్దిగా పెరిలీన్ మెరూన్

రెండు మడతలు ఎదురెదురుగా ఉన్న లోయలో వెలుతురు బట్ట నుంచి బట్టకు తగిలి రంగు మరింత గాఢంగా, వెచ్చగా మారుతుంది. అక్కడ బూడిద రంగు పెట్టిన మరుక్షణం బట్ట మాసిపోయినట్టుంటుంది. ముదురు కావాలి గానీ మురికి కాకూడదు.

10. ఒంటి మీద ఉన్న బట్ట

ముందు ఒంటిని గీయండి, బట్ట తర్వాత. భుజం, మోచేయి, తుంటి, మోకాలు బట్టను లోపలి నుంచి నెడతాయి. అక్కడ బట్ట బిగుతుగా, మడతలు లేకుండా ఉంటుంది. ఆ ఖాళీని మడతలతో నింపేస్తే ఒళ్లు మాయమవుతుంది.

నడుము దగ్గర కుచ్చిళ్లు ఇరుకుగా పుట్టి కిందికి వెడల్పవుతాయి. అన్నిటినీ ఒకే దూరంలో వేయకండి: ఒకటి వెడల్పు, రెండు ఇరుకు, ఒకటి పక్కదాని కింద దాగింది, ఇలా ఉండాలి. మందపాటి బట్టకు మడతలు తక్కువ, పెద్దవి, గుండ్రనివి. పలచని బట్టకు ఎక్కువ, పదునైనవి. మెడపట్టీ, చేతి అంచుల దగ్గర బట్ట మందాన్ని ఒక సన్నని లేత గీతగా వదిలేస్తే, దాని కింద చిన్న నీడతో, బట్ట బరువు తెలిసిపోతుంది.

11. తప్పులు, దిద్దుబాట్లు

*పువ్వులాంటి మరకలు.* మూడో దశలో నీళ్ల కుంచె తగిలింది. వెంటనే రుద్దొద్దు. పూర్తిగా ఆరాక, మరక అంచును తడి ఫ్లాట్ కుంచెతో మెల్లగా లేపి, టిష్యూతో అద్ది, పైన ఒక పూత వేయండి. అది నీడ భాగంలో ఉంటే అసలు ముట్టుకోకండి, తర్వాతి పూత మింగేస్తుంది.

*అన్నీ చారలే.* ప్రతి నీడకూ రెండు వైపులా గట్టి అంచులున్నాయి. ప్రతి మడతలోనూ ఒక వైపు అంచును తడి కుంచెతో కరిగించండి. ఆ తర్వాత రెండు మూడు పక్కపక్క మడతల మీదుగా ఒకే పలచని నీడ పూత లాగండి. విడిపోయిన ముక్కలు ఒక బట్టగా కలుస్తాయి.

*మసక, మురికి.* ఒక్క పూతలో మూడుకు మించి రంగులు కలిశాయి, లేదా కింది పూత ఆరకముందే పైది పడింది. మురికి మీద ఇంకో రంగు వేస్తే బాగుపడదు. రంగు లేపి, ఆరబెట్టి, ఒక్క రంగుతో తిరిగి వేయండి.

*మెరుపు మూసుకుపోయింది.* అల్ట్రామెరీన్, ఓకర్ లాంటివి చాలావరకు లేస్తాయి. థాలో బ్లూ, క్వినాక్రిడోన్ రోజ్ కాగితాన్ని పట్టేస్తాయి, ఎంత రుద్దినా ఛాయ మిగులుతుంది. అలాంటి చోట తెల్ల గ్వాష్ ఒక్కటే దారి, అదీ సన్నగా.

*ఆరాక వెలిసినట్టుంది.* 4, 5 టోన్లు లేవు. మెరుపుల్ని మరింత తెల్లగా చేయాలనిపిస్తుంది గానీ, చేయవలసింది గుంటల్ని ముదురు చేయడం.

12. సంతకం పెట్టే ముందు

- బొమ్మను నిలబెట్టి రెండు మీటర్ల దూరం నుంచి చూశారా? తలకిందులుగా పెట్టి కూడా చూడండి.
- నలుపు తెలుపు ఫొటో తీస్తే బట్ట ఏదో ఇంకా తెలుస్తోందా?
- గట్టి అంచు, మెత్తని అంచు, నేపథ్యంలో కలిసిపోయిన అంచు, మూడూ ఉన్నాయా?
- అతి గాఢమైన చోట్లు ఐదారు మించలేదు కదా?
- బ్లేడుతో గీకి మెరుపు తీయాలనుకుంటే, కాగితం పూర్తిగా ఆరి, ఇక ఏ పూతా వేయనక్కర్లేదని తేలాకే తీయండి. గీకిన చోట మళ్లీ రంగు తగిలితే కాగితం దాన్ని పీల్చుకుని నల్లటి గీతగా మారుస్తుంది.